గట్టు కింద కొలువు

అనగనగా అని మొదలుపెడితే ఇదేదో మరీ పాతకాలపు ముచ్చట అనుకుంటారు. అంత పాతదేం కాదు. ఒకానొక రాజ్యంలో, గువ్వలదుర్గం అనే కోటలో, కనకరాయలు అనే రాజు ఉండేవాడు. ఆయన చెడ్డవాడు కాడు. ఆ మాట ముందే చెప్పెయ్యాలి. చెడ్డరాజు అయితే జనం జాగ్రత్తగా ఉంటారు. కవిత్వం పిచ్చి పట్టిన మంచిరాజు దగ్గర ఎంత జాగ్రత్త పడాలో ఎవరికీ తెలియదు.

పద్యం వినబడితే చాలు, కనకరాయలు విస్తరి ముందునుంచి లేచి వచ్చేసేవాడు. వచ్చి తల ఊపేవాడు. కాని రాజన్నవాడు తల ఊపి ఊరుకుంటే ఏం గొప్ప? ఇందులో అలంకారం ఫలానా అని పదిమందిలో చెప్పగలగాలి. అక్కడే వచ్చింది చిక్కు. ఆయనకు ఉపమ ఏదో, రూపకం ఏదో ఎన్నటికీ పట్టుబడేది కాదు. పద్యంలో చంద్రుడు వస్తే ఉపమ, రాకపోతే రూపకం అని ఒక గుడ్డిగుర్తు పెట్టుకుని, పొరుగు రాజుల ముందు రెండుసార్లు నవ్వులపాలయ్యాడు కూడా.

ఆ కష్టంలో ఆయనను ఆదుకున్నవాడు పేరన్న. పేరన్న ఆ కొలువులో మాటకారి. మాటకు మాట అప్పజెప్పి, ఎంత బిగుసుకున్న మొహంలోనైనా నవ్వు పుట్టించగలవాడు. ఈ కథ ఆయనది.

"మహారాజా, పద్యాన్ని చూసి బెదిరిపోకండి. మెల్లగా నాలుగు మెట్లు దిగండి, చాలు" అన్నాడు పేరన్న. "మొదటి మెట్టు మీద, కవి వాడిన అలంకారానికి పేరు పెట్టండి. రెండో మెట్టు మీద, అది ఏ మాటలో ఉందో ఆ మాట ఎత్తి చూపండి. మూడో మెట్టు మీద, ఆ మాట వింటే మనసుకు ఏమవుతుందో చెప్పండి. నాలుగో మెట్టు మీద, కవి మామూలుగా చెప్పకుండా అలా ఎందుకు చెప్పాడో తేల్చండి. మెట్టుకు ఒక్క వాక్యం రాసినా చాలు, అదే ఒక ఖండిక. నాలుగు ఖండికలైతే వ్యాఖ్య పూర్తి."

రాజుకు ప్రాణం లేచి వచ్చింది. నెల తిరక్కుండా పండితులతో సమానంగా వ్యాఖ్యలు రాసేశాడు. నాలుగు మెట్లనూ నల్లరాతి మీద చెక్కించి కొలువులో నిలబెట్టాడు. అక్కడితో ఆగినా బాగుండేది. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా అంటారు. చట్టాలకు మాత్రం కొదవా? ఇకమీదట విన్నపాలన్నీ పద్యంగానో పాటగానో రావాలని ఒక చట్టం. ప్రతి విన్నపానికీ పండితులు నాలుగు మెట్ల వ్యాఖ్య రాయాలని ఒకటి. వ్యాఖ్య చదువుతుండగా మధ్యలో నోరెత్తినవాడికి, వాడు ఎవడైనా సరే, ఏడాదిపాటు కొలువు ప్రవేశం లేదని ఇంకొకటి. మంచి వ్యాఖ్యకు శాలువ కప్పేవారు. శాలువ కప్పాక విన్నపాన్ని పట్టుదారంతో కట్టి గ్రంథాలయంలో దాచేవారు. అందరూ సంతోషంగా భోజనాలకు లేచేవారు. విన్నపంలో అడిగిన సంగతి ఏమైందని ఎవరికీ గుర్తొచ్చేది కాదు.

పేరన్నకూ గుర్తొచ్చేది కాదు. నిజం దాచడమెందుకు? ఆయన ఇంట్లో అప్పటికి పదకొండు శాలువలున్నాయి.

పన్నెండోది నిరుడు శ్రావణంలో వచ్చింది.

మడుగుపల్లి అనే ఊరినుంచి కొమరెల్లి అనే నీరటి విన్నపం పంపాడు. నీరటి అంటే చెరువుకు కాపలాదారు. ఏ మడికి ఎంత నీరు వదలాలో, గట్టు ఎక్కడ బలహీనపడిందో చూసుకునేవాడు. అతనికి పద్యం ఎలా వస్తుంది? పనిలో పాడుకునే బాణీలోనే నాలుగు మాటలు పేర్చి, కరణంచేత రాయించాడు.

"గట్టు కింద మట్టి తీసి గట్టిగా పిండితే
గుప్పెట్లకెల్లి నీళ్లు కారుతున్నయి దొరా
ఎనుము నడిచి పోతే ఏడడుగుల దాక
నేల కదులుతాంది నిలువలేను దొరా"

చివర, అలుగు కొట్టుకోవడానికి సెలవియ్యమని ఒక ముక్క. చెరువు నిండితే పైనీరు పొర్లిపోయే రాతికట్టను అలుగు అంటారు. దాన్ని మూరెడు పగలగొడితే చెరువులో నీరు తగ్గుతుంది, గట్టు మీద బరువు తగ్గుతుంది. కాని చెరువు రాజుగారిది. రాజముద్ర లేకుండా అలుగు మీద గునపం వేస్తే చేతులు నరికేస్తారు.

ఆ విన్నపం మీద పేరన్న రాసిన వ్యాఖ్య ఇది. ఆయనకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఇందు అతిశయోక్తి. 'నేల కదులుతాంది' అనుటలో కవి తన గుండెదడను భూమికి అంటగట్టినాడు. వినువారి ఒడలు గగుర్పొడుచును. ఏలికకు కనికరము పుట్టించుటకై కవి ఉన్నదానికి మించి చెప్పినాడు."

కొలువంతా ఆహా అంది. కనకరాయలు కళ్లు తుడుచుకున్నాడు. తన గుండెదడను భూమికి అంటగట్టాడట! ఎంత మాట! శాలువ తెచ్చి కప్పారు. నెమలికంఠం రంగు, జరీ అంచు. విన్నపం పంపినవాడిని కూడా మరవకుండా, "మీ విన్నపమునకు ఘనసత్కారము జరిగినది" అని రాసిన ఒక తాటాకు కమ్మ, ఒక కొబ్బరికాయ మడుగుపల్లికి పంపారు.

ఆరోనాడు గట్టు తెగింది. నలభై ఇళ్లు పోయాయి. గట్టు మీద ఉన్న కొమరెల్లి కూడా పోయాడు.

ఆ వార్త వచ్చిననాడు ఆస్థాన విద్వాంసుడు భైరవ సోమయాజులుగారు విన్నపాన్ని మళ్లీ తెప్పించి, కళ్లజోడు లేని కళ్లకు ఆనించుకుని చదివి, పెద్దగా నిట్టూర్చాడు. "ప్రభూ, పాట మొదట్లోనే అశుభగణం పడింది. గట్టు తెగక ఏమవుతుంది?" అన్నాడు. అందరూ, అవును పాపం, చదువులేనివాడు గణం చూసుకోలేదు అని తలలూపారు.

పేరన్న ఆనాడు అక్కడే ఉన్నాడు. నోట్లో మాట ఉంది. గట్టు తెగింది గణంవల్ల కాదు, నావల్ల అనాలనుకున్నాడు. కాని భుజం మీద శాలువ ఉంది, పక్కన పండితులున్నారు, ఎదుట రాజు ఉన్నాడు. అనలేదు. ఆ అనకపోవడం ఆయనను లోపల్నుంచి కొరుక్కుతింటూనే ఉంది. ఆ తరవాత కూడా హాస్యం ఆడేవాడు, జనం నవ్వేవారు. తను మాత్రం నవ్వడం మానేశాడు. శాలువ కప్పుకోవడమూ మానేశాడు. మడిచి సంచిలో పెట్టుకుని, ఎక్కడికి వెళితే అక్కడికి మోసుకు తిరిగేవాడు. ఎందుకయ్యా అంటే చెప్పేవాడు కాదు.

ఏడాది తిరిగింది. ఆషాఢం చివర ఒకనాడు, నడివయసు మనిషి ఒకావిడ కొలువుకు వచ్చింది. మోకాళ్లదాకా ఎర్రమట్టి. పేరు ఎల్లవ్వ. కొమరెల్లి పెండ్లాం. మగడు పోయాక నీరటి కర్ర ఆమె చేతికి వచ్చింది. తెగిన గట్టును ఊరివాళ్లు తామే తట్టలతో మోసి పూడ్చుకున్నారట. చెరువు మళ్లీ నిండిందట. ఆమె కమ్మ తీయలేదు. నిలబడి పాడేసింది.

"నిరుడు చెప్పిన మాటె మళ్ల చెప్పొచ్చిన దొరా
కొత్తమట్టి కింద ఊట ఆగలేదు దొరా
గట్టు కింద బండిని నిలిపిపెడితె సాలు
ఇరుసు దాక దిగుతాంది ఎత్తలేము దొరా
పెద్దవానలు రాకముందె అలుగు కొట్టుకుంటం
సెలవియ్యి దొరా"

 పేరన్న సంచిలోని శాలువ బండరాయిలా బరువెక్కింది.

"ఇరుసుదాకా! ఎంత మాటన్నావే!" అని కనకరాయలు సింహాసనం మీద ముందుకు వంగాడు. "ఏమంటారు సోమయాజులుగారూ?"

"అతిశయోక్తి, ప్రభూ. ఇందులో ఆలోచించడానికేముంది? నిరుడు ఇదే ఊరి విన్నపంలో పేరన్నగారు తేల్చిందీ అదే కదా. ఆ ఊరి నీళ్లలోనే అతిశయోక్తి ఉన్నట్టుంది" అని సోమయాజులుగారు ముసిముసిగా నవ్వాడు. "గణం మాత్రం ఈసారి శుభంగానే పడింది. భయం లేదు."

ఎల్లవ్వ ఆ మాటలేవీ అర్థంకాక అటూ ఇటూ చూసింది. "సెలవు ఇచ్చినట్టేనా దొరా?" అంది.

 శాలువ తేవడానికి ఒకడు లోపలికి వెళ్లబోయాడు. అప్పుడు లేచాడు పేరన్న.

"ప్రభూ, నేను ఒప్పుకోను. ఇది అతిశయోక్తి కాదు, స్వభావోక్తి."

కొలువు గొల్లుమంది. స్వభావోక్తి అంటే ఉన్నది ఉన్నట్టు చెప్పడం. పండితులు దాన్ని కూడా అలంకారమే అంటారు కాని, ఆఖరి పంక్తిలో కూర్చోబెట్టి చల్లారిన అన్నం పెడతారు.

"బండి ఇరుసుదాకా దిగడం ఉన్నది ఉన్నట్టు చెప్పడమా? పేరన్నగారికి హాస్యం ముదిరింది" అన్నాడు సోమయాజులుగారు.

పేరన్న ఆయన వైపు తిరగలేదు. రాజుకే దండం పెట్టి అడిగాడు. "ప్రభువులకు తెలియంది కాదు. అతిశయోక్తి అంటే ఏమిటి?"

కనకరాయలకు ఉత్సాహం వచ్చింది. ఈ పాఠం ఆయనకు బాగా వచ్చు. "ఉన్నదానికి మించి చెప్పడం!"

"ఇందులో ఎంత మించింది ప్రభూ?"

"బోలెడంత మించింది."

"మరి, ఉన్నది ఎంత?"

రాజు సోమయాజులుగారి వైపు చూశాడు.

"ఉన్నది ఎంతో చూడకుండా మించిందని రాస్తే దాన్ని వ్యాఖ్య అనరు ప్రభూ, పుకారు అంటారు" అన్నాడు పేరన్న. "నిరుడు నేనూ చూడలేదు. ఇద్దరు పండితులు తగువుపడితే తీర్పరి ప్రభువే కదా. పద్యం పుట్టిన చోటికే వెళ్లి, అక్కడ కొలువు తీర్చి, అలంకారం తేల్చిన రాజు ఈ భూమ్మీద ఇంతవరకు లేడు. మొదటి రాజు తమరే అవుతారు. రాతి మీద చెక్కించుకోవచ్చు."

రాతి మీద చెక్కించడం అనేసరికి కనకరాయలు లొంగిపోయాడు. "ఎల్లుండి మడుగుపల్లిలో కొలువు!" అన్నాడు. "మా సింహాసనంతో సహా! సోమయాజులుగారు అక్కడే వ్యాఖ్య చదువుతారు."

ఆ సింహాసనం టేకుతో చేసి వెండిరేకు తొడిగింది. నాలుగు సింహపు పాదాల మీద నిలబడుతుంది. లేవదీయాలంటే పన్నెండు మంది కావాలి. ప్రయాణం ఏర్పాట్లు పేరన్నే చూస్తానన్నాడు. బోయీలకు జ్వరాలని చెప్పి, వాళ్ల బదులు ఇరవైమంది ఒడ్డెలను కుదిర్చాడు. ఒడ్డెలంటే చెరువులు తవ్వి, రాళ్లు కొట్టి బతికేవాళ్లు. వాళ్ల పలుగులూ పారలూ తివాచీలు మోసే బండిలో అడుగున పెట్టించాడు. సింహాసనం చేతులకు వెనకవైపు రెండు మోకులు కట్టించి, వాటి మీద పట్టుగుడ్డ చుట్టించాడు. చూసినవాళ్లు అలంకారమేమో అనుకున్నారు.

మూడోనాడు పొద్దున మడుగుపల్లి చేరారు. గట్టుకు లోపల చెరువు నిండుగా, మెరుస్తూ ఉంది. గట్టు కింద, ఊరి వైపు, చదునైన నేల. ఎండకు పైన పెళుసుగా ఎండి, చక్కగా ఊడ్చిన వాకిలిలా ఉంది. కనకరాయలకు అది చూడగానే నచ్చింది.

"ఇక్కడే వెయ్యండి."

ఎల్లవ్వ కర్ర అడ్డం పెట్టింది. "ఆడ వద్దు దొరా! దిగుతది. అగో, ఆ తూము కాడ రాతిబండ ఉంది, ఆడ కూసో."

"నాకు చెప్పొచ్చావా?" అని కనకరాయలు మీసం దువ్వాడు. "చూశారా సోమయాజులుగారూ, ఈవిడకు అతిశయోక్తి ఎంత అలవాటైపోయిందో!"

పేరన్న నోరెత్తలేదు. ఎల్లవ్వ నిజాయితీగా హెచ్చరించింది, రాజు వినలేదు. తను ఆశపెట్టుకున్నదీ దానిమీదే. అయినా ఆయన కళ్లు మోకుల మీదే ఉన్నాయి.

సింహాసనం వేశారు. రాజు కూర్చున్నాడు. సోమయాజులుగారు ఎదురుగా తివాచీ మీద నిలబడి, తాటాకుల కట్ట విప్పాడు. ఆయన చూపు ఆనదు, ఆకును ముక్కుకు ఆనించుకుంటే తప్ప అక్షరం కనపడదు. ఇక చదవడం మొదలుపెడితే ఆకు వెనక లోకం ఉందన్న సంగతి ఆయనకు పట్టదు.

"ప్రథమ సోపానము. ఇందలి అలంకారము అతిశయోక్తి. అతిశయోక్తి యనగా..." అని అందుకున్నాడు. అతిశయోక్తికి ఎన్ని రకాలున్నాయో అన్నీ చెప్పాడు. ఆ మెట్టు దిగేసరికి నేల పెచ్చు చిట్లి, సింహపు పాదాలు నాలుగూ గోళ్లదాకా మట్టిలోకి వెళ్లాయి. రాజు అది గమనించలేదు.

"ద్వితీయ సోపానము. 'ఇరుసు దాక దిగుతాంది' అను మాటయందు ఇది స్ఫుటముగా గోచరించుచున్నది. ఏ బండియైనను నేల మీద నిలుచును గాని నేలలోనికి దిగునా?"

ఈసారి రాజు గమనించాడు. ఎడమవైపు కాస్త ఒరిగినట్టయింది. కాళ్లు పెట్టుకునే పీట మీద చల్లగా తగిలింది. చూస్తే నీళ్లు. ఆయన నోరు తెరవబోయి గభాలున మూసుకున్నాడు. మధ్యలో నోరెత్తినవాడు ఎవడైనా సరే, ఏడాదిపాటు కొలువు ప్రవేశం లేదు. చట్టం ఆయనదే. రాతి మీద ఉంది.

పేరన్న వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు. పేరన్న వినయంగా రెండు వేళ్లు చూపించాడు. ఇంకా రెండు మెట్లున్నాయని.

"తృతీయ సోపానము. ఈ మాట వినిన సహృదయునకు తానే క్రిందికి దిగిపోవుచున్నట్టి భ్రాంతి కలుగును..."

సహృదయుడు నిజంగానే దిగిపోతున్నాడు. పీట మునిగింది. కాలిజోళ్లు మునిగాయి. సింహాల మోకాళ్లు మునిగి, ఆసనం అడుగు మట్టికి ఆనింది. కింద ఎక్కడో బుడబుడమని నీరు పైకి తన్నుతోంది. రాజు మొహం ఎర్రబడింది, తెల్లబడింది, ఎటూ తోచక మిగిలింది. చుట్టూ కొలువువాళ్లందరూ చూస్తున్నారు. నోరెత్తే ధైర్యం ఒక్కడికీ లేదు. ఎల్లవ్వ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోవడానికో, భయానికో తెలియదు.

"చతుర్థ సోపానము..." అని సోమయాజులుగారు ఆకు తిప్పాడు.

అప్పటికి నీళ్లు పట్టుపంచె దాటి నడుముదాకా వచ్చాయి. నిండా మునిగినవాడికి చలేమిటి, చట్టమేమిటి?

"ఆపండి!" అని కేక పెట్టాడు కనకరాయలు. "మునిగిపోతున్నాను!"

సోమయాజులుగారు ఆకు మీదినుంచి ముక్కు ఎత్తలేదు. ముప్పై ఏళ్ల అలవాటు. ఎవరో ఏదో అన్నారని మాత్రం చెవిన పడింది.

"అతిశయోక్తి, ప్రభూ" అన్నాడు.

 అది విని కనకరాయలు నవ్వాడు. బురదలో నడుందాకా కూరుకుపోయి, కిరీటం చెవి మీదికి జారి, కడుపు పట్టుకుని నవ్వాడు. రాజు నవ్వాడు కనుక కొలువంతా నవ్వింది. ఒడ్డెలు మోకులందుకుని "ఐలేసా" అని ఆయనను సింహాసనంతో సహా బయటికి లాగారు. అప్పటికి కాని సోమయాజులుగారు ఆకు దించలేదు. దించి, ఎదుట బురదరాజును చూసి, అక్కడే కూలబడ్డాడు. ఆయన పంచె కూడా తడిసింది.

"పేరన్నా, నువ్వే గెలిచావు. స్వభావోక్తి!" అన్నాడు రాజు, వెక్కిళ్ల మధ్య. "ఉన్నది ఉన్నట్టు!"

పేరన్న మోకాళ్ల మీద కూర్చుని ఒక కమ్మ చాచాడు. మడుగుపల్లి అలుగు మూరెడు కొట్టడానికీ, గట్టు కింద రాతికట్టు వెయ్యడానికీ ఉత్తర్వు. ముద్ర ఒక్కటే మిగిలి ఉంది.

రాజు వేలి ఉంగరంతో ముద్ర వేస్తూ ఆగాడు. "ముందే రాసి తెచ్చావా? దొంగా!"

"నిరుడే రాయవలసింది ప్రభూ. ఏడాది ఆలస్యమైంది."

రాజు నవ్వు సన్నబడింది. ఆయన గట్టు వైపు, పాతమట్టికీ కొత్తమట్టికీ రంగు మారిన చోటు వైపు చూశాడు. నలభై ఇళ్లను ముంచిన నీరు ఏ దారిన వచ్చిందో ఆయనకు అప్పుడు కంటబడింది.  చేతినున్న బంగారు కడియం తీసి పేరన్నకు తొడిగాడు. "ఇంకేం కావాలో కోరుకో" అన్నాడు, కాస్త మెల్లగా.

"ఇకమీదట విన్నపాలు ఎవరి మాటల్లో వాళ్లు చెప్పుకోనివ్వండి. వ్యాఖ్యలు పద్యాలకు రాసుకుంటాం. ఇంకొక్కటి. నిరుడు నేను రాసిన వ్యాఖ్య గ్రంథాలయంలో పట్టుదారంతో కట్టి ఉంది. దాన్ని తీయించి కొలువు గుమ్మానికి వేలాడదీయించండి. కింద నా పేరు పెట్టించండి."

"అది చాలా అందంగా ఉంటుందయ్యా!"

"ఉంటుంది ప్రభూ" అన్నాడు పేరన్న. "అందుకే."

రాజు సరేనన్నాడు. ఒడ్డెలు బండిలోంచి పలుగులు తీసుకుని అలుగు వైపు పరుగెత్తారు. చూస్తుండగానే రాతిమీద దెబ్బలు వినబడ్డాయి, నీరు పొర్లే హోరు వినబడింది. కొలువువాళ్లు తూము దగ్గరి రాతిబండ మీదికి చేరి రాజుకు పొడిబట్టలు కట్టబెడుతున్నారు. ఏమో చెప్పుకుని మళ్లీ నవ్వుకుంటున్నారు.

పేరన్న గట్టెక్కాడు. ఎల్లవ్వ అక్కడ లోపలివైపు, నీళ్ల అంచున వంగి ఉంది. గడ్డి మెలివేస్తోంది. నీటి మట్టానికి జానెడు కింద ఒక బుంగ పడింది. చిన్నదే, చేయి పట్టేంత. నీళ్లు గిర్రున తిరుగుతూ అందులోకి పోతున్నాయి.

"మంచి పని చేసినవయ్యా" అంది తల ఎత్తకుండా. "దొరను భలే దించినవ్."

పేరన్న పక్కన కూర్చున్నాడు. ఇన్నాళ్లూ ఎన్నోసార్లు మనసులో దిద్దుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. "ఎల్లవ్వా, నిరుడు మీ ఆయన పంపిన విన్నపానికి వ్యాఖ్య రాసింది నేనే" అన్నాడు. "అది అతిశయోక్తి అని రాశాను. లేనిది చెబుతున్నాడని. దానికి నాకు శాలువ కప్పారు."

ఆమె చేతులు ఆగాయి.

"ఆ కమ్మ, కొబ్బరికాయ వచ్చిననాడు ఎంత సంబురపడ్డడో" అంది. "నన్నూ పిల్లలనూ మా అమ్మగారింటికి పొమ్మన్నోడే, వద్దులే, ఉండున్రి అన్నడు. సత్కారం అయిందంటే దొర మాట విన్నట్టే, ఉత్తర్వు ఎనకనే వస్తది అన్నడు. గట్టు మీదనే కూసున్నడు, ఉత్తర్వు తెచ్చేటోడు చీకట్ల దారి తప్పుతడేమోనని."

 శాలువవల్ల ఆ మనిషి మాట వినబడకుండా పోయిందనే పేరన్న ఇన్నాళ్లూ అనుకున్నాడు. ఆ శాలువే అతన్ని గట్టు మీద కూర్చోబెట్టిందని ఇప్పుడే తెలిసింది. ఏడాదిగా మోసిన బరువు సగమే అని తెలిసింది.

"ఆయనకు పాట కట్టుడు రాదయ్యా" అంది ఎల్లవ్వ. "కండ్లతోని చూసింది చెప్పిండు. గంతే. ఇందాక ఆ పెద్దాయన నాలుగో మెట్టు అని ఏందో అనవట్టె. ఏందది?"

"మనిషి ఆ మాట ఎందుకు చెప్పాడో తేల్చడం."

"తేల్చినవా మరి?"

"లేదు" అన్నాడు పేరన్న. "తేల్చలేదు."

 క్షమించానని గాని, క్షమించలేదని గాని ఆమె అనలేదు. పేరన్న సంచిలోంచి శాలువ తీశాడు. ఆమె చేతికివ్వాలనో, ఆమె కాళ్ల దగ్గర పెట్టాలనో, ఏం చెయ్యాలో తెలియకుండానే తీశాడు. నెమలికంఠం రంగు ఎండలో మెరిసింది.

ఎల్లవ్వ దాన్ని వేళ్లతో నలిపి చూసింది. "మందంగనే ఉంది" అంది.

గడ్డిని శాలువలో చుట్టి, జరీ అంచు లోపలికి మడిచి, బంకమట్టి పులిమి గట్టిగా ముద్ద చేసింది. నీళ్లలోకి దిగి ఆ ముద్దను బుంగలోకి కుక్కింది. భుజంతో నెట్టింది, కాలితో తొక్కింది. గిర్రున తిరుగుతున్న నీరు కొంచెం కొంచెంగా నెమ్మదించి ఆగిపోయింది.

"అలుగు నీళ్లు దిగేదాక ఆగుతది" అంది ఒడ్డుకు వచ్చి. "ఇంకా మట్టి కావాలె. తట్ట పట్టుకొస్తవా?"

పేరన్న కడియం తీసి సంచిలో వేసుకుని, తట్ట నెత్తిన పెట్టుకుని గట్టు దిగాడు. తూము దగ్గర రాజుగారి నవ్వు ఇంకా వినబడుతూనే ఉంది. ఆ కథను గువ్వలదుర్గంలో చాలా ఏళ్లు చెప్పుకుని నవ్వారు. చెప్పమని ఎంత బతిమాలినా, పేరన్న మాత్రం ఒక్కసారీ చెప్పలేదు.